‘ఆవిరే కదా’ అనే మాట గురించి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను 1986 పదో తరగతి బ్యాచ్. హుస్సేనీ ఆలంలో పుట్టి పెరిగి, ఇక్కడే చదువుకుని, తర్వాత మెకానికల్ ఇంజనీరింగ్ చేశాను. ముప్పై ఏళ్లుగా మందుల ఫ్యాక్టరీల్లో పని. మందు తయారు చేసేవాళ్లు వేరే ఉంటారు. ఆ మందు తయారయ్యే గదిలోకి వచ్చే గాలిని శుభ్రంగా ఉంచడం నా పని. ఏ ఫిల్టర్ ఏ సైజు నలుసును ఆపుతుంది, గదిలో ఘనపు మీటరుకు ఎన్ని నలుసులు ఉన్నాయి, ఇవే నా రోజువారీ లెక్కలు.

సంఘం వారు ‘నీ ఉద్యోగం గురించి చెప్పు, పిల్లలకు ఉత్సాహంగా ఉంటుంది’ అన్నారు. దాని గురించే చెబుతాను, కానీ కాస్త చుట్టు తిరిగి. రెండు నెలల కింద మా బ్యాచ్ దోస్తు ఒకడు ఫోన్ చేశాడు. వాళ్లబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. బట్టలు ఉతకడానికి వేస్తుంటే చొక్కా జేబులో పెన్‌డ్రైవ్ లాంటిది దొరికింది. మామిడిపండు వాసన వస్తోంది. నిలదీస్తే పిల్లవాడు ‘నాన్నా, ఇది సిగరెట్ కాదు, పొగ లేదు, ఆవిరే కదా’ అన్నాడట. ‘ఏరా, నువ్వు గాలి మీద పనిచేసేవాడివి, వాడు చెప్పింది నిజమేనా?’ అని మావాడి ప్రశ్న. నేను డాక్టర్ని కాను. జబ్బు సంగతి వాళ్లే చెప్పాలి. కానీ ఒక యంత్రంలోంచి ఏం బయటికొస్తుంది అన్నది ఇంజనీరు చెప్పగల విషయం. అందుకే ఈ రోజు ఆ ప్రశ్నకే జవాబు చెబుతాను.

ముందు ఆ వస్తువును విప్పి చూద్దాం. ఈ-సిగరెట్ అనండి, వేప్ అనండి, లోపల ఉండేవి మూడే. ఒక బ్యాటరీ, ఒక తీగ చుట్ట, కొంచెం ద్రవం. బ్యాటరీ మన ఫోన్‌లో ఉండే లిథియం రకమే, 3.7 వోల్టులు. తీగ నికెల్, క్రోమియం లాంటి లోహాల మిశ్రమం, దాని నిరోధం సుమారు 1 ఓమ్ అనుకుందాం. తొమ్మిదో, పదో తరగతి పిల్లలు లెక్క కట్టండి. వోల్టుల వర్గాన్ని ఓములతో భాగిస్తే దాదాపు 14 వాట్లు. చిన్న సోల్డరింగ్ ఐరన్‌కు ఉండే శక్తిలో సగం. తక్కువే అనిపిస్తుంది. కానీ ఆ వేడంతా దారమంత సన్నని తీగ మీద పడుతుంది. ఒకటి రెండు సెకన్లలో అది 200 డిగ్రీలు దాటిపోతుంది. తీగ చుట్టూ ఉన్న దూది ద్రవాన్ని పీల్చి తీగకు అందిస్తుంది. ఆ ద్రవంలో ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, నికోటిన్, పండ్ల వాసన ఇచ్చే రసాయనాలు ఉంటాయి. ప్రొపిలీన్ గ్లైకాల్ 188 డిగ్రీల దగ్గర, గ్లిజరిన్ 290 డిగ్రీల దగ్గర మరుగుతాయి.

ఇక్కడ నీళ్లు మరగడం లేదు. ఇడ్లీ గిన్నె మూత తీస్తే వచ్చేది నీటి ఆవిరి. ఇక్కడ వచ్చేది వేడికి పైకి లేచి, చల్లగాలి తగలగానే మళ్లీ సన్నని చుక్కలుగా మారిన రసాయన ద్రవం. మా భాషలో దాన్ని ఏరోసాల్ అంటాం. తెలుగులో తుంపర అంటే సరిపోతుంది. అంటే పీల్చేవాడు ఆవిరి పీల్చడం లేదు, ద్రవాన్ని సన్నగా చిలికి ఊపిరితిత్తుల్లోకి చల్లుకుంటున్నాడు.

ఆ చుక్క సైజే అసలు సంగతి. మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. చార్మినార్ రోడ్డు మీద లేచే దుమ్ములో 10 మైక్రాన్లకు పైబడినవి చాలావరకు ముక్కులోనే ఆగిపోతాయి. ఇంటికొచ్చి ముక్కు చీదితే నల్లగా వచ్చేది అదే. వేప్ తుంపరలో ఎక్కువ చుక్కలు ఒక మైక్రాన్ కన్నా చిన్నవి. ముక్కుకు, గొంతుకు అవి చిక్కవు.

మన జీవశాస్త్రం పాఠం గుర్తు తెచ్చుకోండి. శ్వాసనాళం రెండుగా చీలుతుంది, ఆ రెండూ మళ్లీ రెండేసి, అలా సుమారు 23 సార్లు చీలి చివరికి వాయుగోణుల దగ్గర ఆగుతుంది. ఒక్కో మనిషికి అవి 30 కోట్లకు పైనే. అన్నిటినీ విప్పి పరిస్తే దాదాపు 70 చదరపు మీటర్లు, మన బడిలో రెండు తరగతి గదుల నేలంత. ఆ గోడ మందం ఒక మైక్రాన్ కూడా ఉండదు. ఇటు గాలి, అటు రక్తం. ప్రాణవాయువు లోపలికి పోవడానికి ప్రకృతి అంత పలుచగా పెట్టింది. అంత పలుచని గోడ దగ్గరికి మనం ఏం పంపినా అది లోపలికి పోతుంది. నికోటిన్ 10 నుంచి 20 సెకన్లలో మెదడుకు చేరేది ఆ దారినే.

శుభ్రం చేసేవాళ్లు లోపల లేరా అంటే ఉన్నారు. గాలి గొట్టాల గోడల మీద శైలికలు ఉంటాయి. రాత్రింబగళ్లు ఊడుస్తూ చెత్తను, కఫాన్ని గొంతువైపు నెడతాయి. వాయుగోణుల్లో శైలికలు ఉండవు, అక్కడ భక్షక కణాలు చెత్తను తినేస్తాయి. ప్రయోగశాలల్లో వేప్ తుంపర తగిలినప్పుడు శైలికల కదలిక మందగించడం, భక్షక కణాల పనితనం తగ్గడం కనిపించింది. దాల్చినచెక్క వాసన ఇచ్చే రసాయనం శైలికలను బాగా దెబ్బతీస్తుందని తేలింది. శైలికల కదలిక మందగిస్తే కఫం పేరుకుంటుంది. దగ్గు, పిల్లికూతలు వస్తాయి, ఆస్తమా ఉన్న పిల్లలకు అది ఎక్కువవుతుంది. మా ఫ్యాక్టరీలో ఫిల్టర్ మూసుకుపోతే పక్కనున్న మీటరు చెబుతుంది, మర్నాడు కొత్తది వేస్తాం. ఊపిరితిత్తికి అటువంటి మీటరు లేదు, మార్చడానికి కొత్తది దొరకదు.

ఇప్పుడు వేడి సంగతి. లాడ్ బజార్‌లో లక్క గాజులు చేసేవాళ్లను మీరంతా చూశారు. బొగ్గుల సెగ సరిగ్గా ఉంటే లక్క మెత్తబడి చెప్పినట్టు వింటుంది. సెగ ఎక్కువైతే మాడి పొగ కక్కుతుంది. సరుకు అదే, మారింది వేడి. మిర్చీ బజ్జీల బండి దగ్గర నూనె మాడితే కళ్లు మండే ఘాటు వస్తుంది కదా, దాని పేరు అక్రోలీన్. నూనెలో ఉండే గ్లిజరిన్ భాగం ఎక్కువ వేడికి విరిగితే పుట్టేది అదే. వేప్‌లో దూది తడారినా, తీగ మరీ వేడెక్కినా, అక్కడున్న గ్లిజరిన్‌కు కూడా ఇదే జరుగుతుంది. దాంతో పాటు ఫార్మాల్డిహైడ్ పుడుతుంది. మన సైన్స్ గదిలో కప్పను నిల్వ ఉంచిన సీసాలోని ఫార్మలిన్ గుర్తుందా, అది నీళ్లలో కలిపిన ఫార్మాల్డిహైడే. క్యాన్సర్ కారకాల జాబితాలో ఉన్న పదార్థం. తీగ నుంచి, అతుకుల నుంచి నికెల్, క్రోమియం, సీసం లాంటి లోహాలు కూడా తుంపరలో కలుస్తున్నట్టు పరీక్షల్లో దొరికింది. ఎంత మోతాదు అన్నది తీగను బట్టి, వేడిని బట్టి, పీల్చే తీరును బట్టి మారుతుంది. పీల్చే పిల్లవాడికి మాత్రం ఇవాళ ఎంత వెళ్లిందో తెలిసే దారి లేదు.

‘గ్లిజరిన్ మిఠాయిల్లో వేస్తారు, ఆ ఫ్లేవర్లు ఐస్‌క్రీముల్లో ఉంటాయి, తినేవే కదా’ అని ఇంకో వాదం వింటాం. మందుల ఫ్యాక్టరీలో మొదట నేర్పేది దీనికి జవాబే. మింగే మందు వేరు, పీల్చే మందు వేరు. ఒకే పదార్థమైనా పీల్చే మందుకు పరీక్షలు వేరుగా జరగాలి. కడుపులో ఆమ్లం ఉంది, వెనక కాలేయం ఉంది, విషాన్ని విరగ్గొట్టే ఏర్పాటు ఉంది. ఊపిరితిత్తికి ఆ కాపలా లేదు.

దీనికి రెండు ఉదాహరణలు అమెరికా నుంచి చెబుతాను. 2000 సంవత్సరంలో మిస్సోరీ రాష్ట్రంలో మైక్రోవేవ్ పాప్‌కార్న్ ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్లకు సన్నని గాలి గొట్టాలు మచ్చకట్టి మూసుకుపోయే జబ్బు బయటపడింది. వెన్న వాసన కోసం వాడిన డయాసిటైల్ కారణమని తేలింది. తిన్నవాళ్లకు ఏమీ కాలేదు, పీల్చినవాళ్లకు ఊపిరితిత్తులు పోయాయి. 2015లో హార్వర్డ్ పరిశోధకులు 51 రకాల ఈ-సిగరెట్ ఫ్లేవర్లను పరీక్షిస్తే 39 రకాల్లో ఆ డయాసిటైల్ కనిపించింది. వేప్ వల్ల అదే జబ్బు వస్తుందని నిరూపణ అయిందని నేను అనను, మోతాదులు వేరు. కానీ తినేదంతా పీల్చదగినది కాదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

రెండోది 2019లో. వేప్ వాడిన యువతీయువకులు ఉన్నట్టుండి ఆయాసంతో, జ్వరంతో ఆసుపత్రులకు రావడం మొదలైంది. 2020 ఫిబ్రవరి నాటికి అమెరికా ప్రభుత్వ లెక్కలో 2,807 కేసులు, 68 మరణాలు. చాలామంది వాడింది గంజాయి సారం కలిపిన, అనధికారికంగా కొన్న ద్రవం. దాన్ని చిక్కగా చూపడానికి కల్తీ చేసిన విటమిన్-ఇ ఎసిటేట్ ప్రధాన కారణమని తేల్చారు. మనం ఒంటికి రాసుకునే క్రీముల్లో, మాత్రల్లో ఉండే పదార్థమే అది. ‘అది గంజాయి నూనె సంగతి, మాది వేరు’ అనేవాళ్లున్నారు. నిజమే, ఆ తేడా ఒప్పుకోవాలి. కానీ మన దేశంలో ఇప్పుడు దొరికే ప్రతి వేప్ దొంగ సరుకే. దాని మీద రాసిందే లోపల ఉందని పూచీ పడేవాడు ఎవడూ లేడు.

నికోటిన్ మాట వేరుగా చెప్పాలి. పాత సిగరెట్ మొదటిసారి పీలిస్తే గొంతు మండి దగ్గు వచ్చేది. ఆ దగ్గే చాలామంది పిల్లలను ఆపేది. కొత్త వేప్‌లలో నికోటిన్‌ను ఆమ్లంతో కలిపి లవణంగా మారుస్తున్నారు. దాంతో గొంతు మంట తగ్గి, ఎక్కువ నికోటిన్ హాయిగా లోపలికి పోతుంది. మామిడి, పుదీనా వాసనలు మిగతా పని చేస్తాయి. మెదడు సుమారు 25 ఏళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుంది కనుక ఆలోపు పడిన నికోటిన్ అలవాటు గట్టిగా పట్టుకుంటుంది. మా దోస్తు కొడుకుతో ఒక ఆదివారం కూర్చుని మాట్లాడాను. తిట్టలేదు. ‘రోజూ ఎన్నిసార్లు పీలుస్తావ్?’ అంటే లెక్క చెప్పలేకపోయాడు. సిగరెట్ అయితే పెట్టెలో ఎన్ని అయిపోయాయో తెలుస్తుంది, దీనికి ఆ లెక్క లేదు. ‘మానేస్తే ఏమవుతుంది?’ అని అడిగితే కాసేపాగి, ‘చిరాకు వస్తుంది అంకుల్, చదువు మీద మనసు నిలవదు, చేతులు అదే వెతుక్కుంటాయి’ అన్నాడు. ఆవిరి మానేస్తే ఎవరికీ అలా కాదు కదా బాబూ అన్నాను. వాడే తల దించుకుని ఆలోచనలో పడ్డాడు.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. కాలే సిగరెట్ కొన దగ్గర వేడి 900 డిగ్రీల దాకా పోతుంది, వేల రకాల రసాయనాలు పుడతాయి, తారు, కార్బన్ మోనాక్సైడ్ వస్తాయి. వేప్‌లో దహనం లేదు కనుక అవి చాలా తక్కువ. అందుకే బ్రిటన్‌లో ఏళ్ల తరబడి సిగరెట్ తాగేవాళ్లను దాన్నుంచి తప్పించడానికి డాక్టర్లే వేప్‌ను ఒక మార్గంగా సూచిస్తారు. అదే బ్రిటన్ పిల్లల చేతుల్లో పెరిగిపోయిన ఒకసారి వాడి పారేసే వేప్‌ల అమ్మకాన్ని 2025 జూన్‌లో నిషేధించింది. రెండూ ఒకే లెక్కలోంచి వచ్చినవే. ముప్పై ఏళ్ల పొగతాగుడు నుంచి దిగుతున్నవాడికి అది ఒక మెట్టు కిందికి. ఏ అలవాటూ లేని పదహారేళ్ల పిల్లవాడికి అది ఒక మెట్టు పైకి. మెట్టు ఒకటే, మనిషి ఎటు పోతున్నాడన్నదే తేడా.

దీర్ఘకాలంలో ఏమవుతుందని అడగవచ్చు. ఇప్పుడు మార్కెట్లో ఉన్న తరహా ఈ-సిగరెట్‌ను చైనాలో హాన్ లిక్ అనే ఫార్మసిస్టు 2003లో తయారు చేశాడు. అంటే దాని వయసు ఇరవై ఏళ్లు దాటి కొద్దికాలమే. సిగరెట్ చుట్టే యంత్రం 1880లలో వచ్చింది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు సిగరెట్‌కు సంబంధాన్ని లండన్‌లో డాల్, హిల్ గట్టిగా చూపించింది 1950లో. మధ్యలో దాదాపు డెబ్బై ఏళ్లు. ఆ డెబ్బై ఏళ్లూ ‘ఏమీ కాదు’ అన్నవాళ్లు అబద్ధం చెప్పాలని చెప్పలేదు, ఫలితం ఇంకా రాలేదు. ఫలితం రాని పరీక్షలో మన పిల్లలను కూర్చోబెట్టాలా అన్నదే నా ప్రశ్న.

ఇలాంటి భరోసా మాటలు మన ఊరికి కొత్త కాదు. అక్బర్ చివరి రోజుల్లో అసద్ బేగ్ అనే రాయబారి మన పక్కనున్న బీజాపూర్ నుంచి పొగాకును ఆయన దర్బారుకు తీసుకువెళ్లాడు. పరీక్షించని మందును వాడకూడదని దర్బారు వైద్యుడు అడ్డుచెప్పినట్టు ఆ అసద్ బేగే రాసుకున్నాడు. తర్వాత హుక్కా వచ్చింది. నీళ్లలోంచి పోతే పొగ కడుక్కుపోతుందన్నారు. సాలార్‌జంగ్ మ్యూజియంలో అందమైన బిద్రీ హుక్కా కుండలు చూడవచ్చు. కుండ ఎంత అందంగా ఉన్నా లోపలి నీళ్లు పొగను చల్లబరుస్తాయి తప్ప నికోటిన్‌ను, కార్బన్ మోనాక్సైడ్‌ను ఆపవు. చల్లబడ్డ పొగను మనిషి ఇంకా లోతుగా పీలుస్తాడు. ఒక్కసారి హుక్కా దగ్గర కూర్చుంటే వంద సిగరెట్లంత పొగ పీల్చే అవకాశం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఆ తర్వాత మన చార్మినార్ బొమ్మతోనే సిగరెట్ పెట్టె వచ్చింది. ఫిల్టర్ వచ్చింది. ‘లైట్’ వచ్చింది. లైట్ తాగినవాళ్లు దమ్ము గట్టిగా లాగి లోటు పూడ్చుకున్నారు, ఆ పేరే మోసమని అమెరికా 2010లో తీసేయించింది. ఉత్తరాంధ్ర పల్లెల్లో ఆడవాళ్లు చుట్ట నిప్పు కొనను నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ సంగతి చాలామందికి తెలిసే ఉంటుంది. అక్కడ జబ్బు అంగిట్లో వచ్చింది, వేడి, పొగ ముందు తగిలేది అక్కడే కనుక. వేప్ తుంపర తగిలేది వాయుగోణులకు. పొగాకు వేషం మార్చినప్పుడల్లా దెబ్బ తగిలే చోటు మారింది, అంతే.

చట్టం సంగతి ఉపాధ్యాయులకు ఉపయోగపడుతుంది. కేంద్ర ప్రభుత్వం 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సుతో, ఆ డిసెంబరులో చట్టంతో ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, రవాణా, ప్రకటనలను నిషేధించింది. మొదటి తప్పుకు ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ. మళ్లీ చేస్తే మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా. అమ్మేవాడి మీదే ఈ చట్టం గురి. పీల్చినందుకు శిక్ష అందులో లేదు. మన తెలంగాణ శాసనసభ 2024 ఫిబ్రవరిలో హుక్కా పార్లర్లను నిషేధించే బిల్లు ఆమోదించింది. చట్టాలు ఉన్నాయి. అయినా సరుకు చేతులు మారుతూనే ఉందని పత్రికల్లో వచ్చే పట్టివేతల వార్తలే చెబుతున్నాయి.

కాబట్టి మిగిలిన పని మనది. సార్లకు, టీచర్లకు నా మనవి. పెన్నులా, పెన్‌డ్రైవ్‌లా, హైలైటర్‌లా ఉండే వస్తువు మీద, గదిలో ఉన్నట్టుండి వచ్చే పండ్ల వాసన మీద ఓ కన్నేసి ఉంచండి. దొరికితే పిల్లవాణ్ణి అసెంబ్లీలో నిలబెట్టకండి, టీసీ చేతికివ్వకండి. బడి నుంచి బయటికి పంపితే వాడు వెళ్లేది ఆ సరుకు అమ్మేవాడి దగ్గరికే. తల్లిదండ్రులను పిలిచి, వాడి ముందే మర్యాదగా మాట్లాడండి. మానాలనుకునే వాళ్లకు కేంద్ర ఆరోగ్య శాఖ ఉచిత నంబరు 1800-11-2356 ఉంది. దాన్ని నోటీసు బోర్డు మీద రాయించండి. దగ్గు, ఆయాసం ఆగకపోతే ఛాతీ డాక్టరుకు చూపించి, వేప్ సంగతి దాచకుండా చెప్పాలి. చెప్పకపోతే డాక్టరు దాన్ని న్యుమోనియా అనుకునే ప్రమాదం ఉంది.

ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోండి. ఆ తియ్యటి వాసన ద్రవాన్ని పసిపిల్లలు మింగితే నికోటిన్ విషం ఎక్కుతుంది. హుస్సేనీ ఆలం ఇళ్లు ఎలాంటివో మనకు తెలుసు, ఒకే గదిలో తాత నుంచి మనవడి దాకా పడుకుంటారు. ఒకడు వదిలిన తుంపరను మిగతావాళ్లూ పీలుస్తారు.

మన సంఘానికి ఒక ప్రతిపాదన. యాభై ఏళ్ల పండుగకు గుర్తుగా గోడ మీద రాయి వేద్దామనుకున్నారు, వేయండి. దానితో పాటు ఏటా జూన్‌లో బడి తెరవగానే ఎనిమిది, తొమ్మిది, పది తరగతులకు ఒక పూట పాఠం పెడదాం. మనలో డాక్టర్లు ఉన్నారు, నర్సులు ఉన్నారు, వకీళ్లు ఉన్నారు, నాలాంటి మిస్త్రీలు ఉన్నారు. ఊదే బలం కొలిచే చిన్న పీక్ ఫ్లో మీటర్లు నాలుగు కొనడానికయ్యే ఖర్చు నాది. పిల్లలు తమ ఊపిరి ఎంతుందో తామే ఊది, తామే పుస్తకంలో రాసుకోనివ్వండి. తన అంకె తన చేత్తో రాసుకున్నవాడు దాన్ని కాపాడుకుంటాడని నా నమ్మకం.

పిల్లలూ, చివరి మాట మీకు. రోజుకు పది వేల లీటర్లకు పైగా గాలి మీ ఊపిరితిత్తుల్లోకి పోయి వస్తుంది. ఆ పనికి మీరు ఇప్పటిదాకా రూపాయి ఇవ్వలేదు, ఒక్క రోజు సెలవు ఇవ్వలేదు. ఎవరైనా ఆ వస్తువు చేతిలో పెట్టి ‘ఆవిరే కదా’ అంటే, వాదన పెట్టుకోవద్దు. ‘లోపల ఏముందో నీకు తెలుసా?’ అని ఒక్క ప్రశ్న అడగండి. తెలిసినవాడు ఇవ్వడు, ఇచ్చేవాడికి తెలియదు.